నడచువాని దారి

(విజయవాడలో నొక పఠనమందిరమున చదివిన యుపన్యాసము)



నేడు నేను ప్రస్తావింపదలచిన విషయము చూపునకు చాల చిన్నది. వీధిని ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దాటుట యెట్లు? రాజ్యతంత్రములను గూర్చియు, భాషాసాహిత్యములను గూర్చియు ఉపన్యాసములు వినుట కలవాటుపడిన మీకు ఇట్టి విషయము వింతగా దోపవచ్చును. కాని ఈ సాయంకాలము మీరందఱును ఏదో యొక వీధిని దాటియే యిచ్చటికి వచ్చితిరి. సభ ముగిసిన పిమ్మట మరల దాటియే యిండ్లకు పోవలయును. మనలో నెవ్వరైనను నిశ్చింతగా దాటితిమా? ఒక చేత బిడ్డను పట్టుకొని, రెండవ చేతిని వాహనముల కడ్డముగా చాచి, దేవుని తలచుకొని యొక్క పరుగు తీయుటయే గదా మన దాటుట! మార్గమును దాటుట యొక సాహసకృత్యమైన నగరమును నాగరికమైన నగరమని యెట్లు పిలుతుము?

మన బందరు రోడ్డును చూడుడు. దానికి మహాత్మాగాంధి పేరు పెట్టుకొంటిమి. ఆ రోడ్డు ప్రక్కనే బాపు మ్యూజియము కలదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము ఈ బెజవాడలో సమావేశమైనప్పుడే పింగళి వెంకయ్యగారు తాము రూపొందించిన పతాకమును గాంధిగారి కర్పించిరి. అటుపై తొమ్మిదేండ్లకు, 1930 మార్చి 12న, అఱువది యేండ్లు నిండిన ఆ వృద్ధుడు సబర్మతి నుండి బయలుదేరి 24 దినములలో సుమారు 240 మైళ్లు నడచి దండి చేరెను. ఆయన చేత కఱ్ఱ తప్ప ఆయుధము లేదు. ఆయనకు కాళ్లు తప్ప వాహనము లేదు. కాలినడకనే యొక జాతీయ శక్తిగా మార్చిన మహాపురుషుని పేరు ధరించిన దారిలో నేడు కాలినడకకే చోటు లేదు. ఆ కఱ్ఱ పట్టుకొని ఆయనయే నేటి సాయంకాలము బెంజి సర్కిలు కడకు వచ్చినచో, ఎవడేని చేయి పట్టి దాటింపనిదే ఆవలి గట్టు చేరగలడా?

ఇది బందరు రోడ్డు నొక్కదానినే నిందించుటకు చెప్పిన మాట గాదు. హైదరాబాదున అమీరుపేటకు పొండు, విశాఖపట్టణమున గాజువాకకు పొండు, కథ యొక్కటియే. మన యూరి రోడ్డును మన మెఱుగుదుము గనుక దానినే యెదుట పెట్టుకొని మాటలాడుచున్నాను.

మొదట లెక్కలను వినుడు. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖవారు ప్రకటించిన ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్లమీద మరణించినవారు 1,68,491 మంది. వారిలో కాలినడకన పోవుచు మరణించినవారు 32,825 మంది. సైకిళ్లమీద పోవుచు మరణించినవారు 4,836 మంది. అనగా దినమునకు సుమారు తొంబది మంది పాదచారులు. పదునాఱు నిమిషముల కొక్కరు. నా యీ యుపన్యాసము అరగంట సాగినచో, అది ముగియులోపల దేశమున నెక్కడనో ఇద్దఱు నడచువారు ఇల్లు చేరకయే పోవుదురు. ఒక్క యూర నొక్కనాడు కలరావలన తొంబది మంది చనిపోయినచో దేశమంతయు కంపించును, మంత్రులు పరుగెత్తుదురు, విచారణ సంఘములు వెలయును. ప్రతిదినము తొంబది మంది తలకొక యూర చనిపోవుచుండగా అది పత్రికలో లోపలి పుటలో రెండు పంక్తుల వార్త. చనిపోయినవాని పేరు కూడ కొన్నిమార్లు తెలియదు. 'గుర్తు తెలియని వ్యక్తి' యని వ్రాసి ముగింతురు.

ఈ గుర్తు తెలియని వ్యక్తి యెవడు? వేకువనే పాలు వేయువాడు. పత్రికలు పంచు కుఱ్ఱవాడు. రాత్రి కావలి ముగించుకొని సైకిలుమీద ఇల్లు చేరు వృద్ధుడు. మేడలు కట్టుటకు పోవు కూలి స్త్రీ. బడి సంచి వీపున వేసికొన్న పిల్ల. 2011 జనాభా లెక్కలలో వ్యవసాయేతర వృత్తులవారు పనికి పోవు విధమును విచారింపగా, నూటికి దాదాపు 23 మంది నడచి పోవుచున్నారనియు, 13 మంది సైకిలుమీద పోవుచున్నారనియు, కార్లలో పోవువారు నూటికి ముగ్గురైనను లేరనియు తేలినది. ఆ తరువాత మోటారుసైకిళ్లును, కార్లును పెరిగిన మాట నిజమే. ఐనను బస్సు దిగినవాడు పాదచారియే. ఆటో దిగినవాడు పాదచారియే. కారును ఒక మూల నిలిపి అంగడికి పోవు శ్రీమంతుడును ఆ నూఱడుగుల దూరము పాదచారియే. కాన ఇది బీదలకును ధనికులకును నడుమ తగవు గాదు. ఇది అందఱి కాళ్లకు సంబంధించిన ప్రశ్న. ఐనను దెబ్బ తగులునప్పుడు మాత్రము బీదవానికే యెక్కువగా తగులుచున్నది.

మనవారు ఇట్టి మరణమును 'వాని ఖర్మ'మందురు. 'నుదుటి వ్రాత' యందురు. సోదరులారా! ఇది నుదుటి వ్రాత కాదు. ఇది కేవలము గణితము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు నొకదానిని, 50 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు నొకదానిని మనస్సున తలచుకొనుడు. రెండింటికిని పదుమూడున్నర మీటర్ల దూరమున నొక బాలుడు రోడ్డుమీదికి వచ్చినాడనుకొనుడు. చూచి, గ్రహించి, బ్రేకుమీద కాలు మోపుటకు కారు నడుపువానికి సుమారొక సెకను పట్టును. ఆ సెకనులో మొదటి కారు ఎనిమిది మీటర్లకు పైగా వచ్చును. పొడి నేలమీద తక్కిన యైదు మీటర్లలో ఆగి, బాలుని ముంగిట నిలిచిపోవును. రెండవ కారు ఆ సెకనులోనే దాదాపు పదునాలుగు మీటర్లు వచ్చును. అనగా బ్రేకు పడకమునుపే, వేగ మావంతయు తగ్గకయే, బాలుని తాకును. ఆ తాకిడి మూడంతస్తుల మేడమీదనుండి పడినంతటి తాకిడి. నడుపువారిద్దఱు సమాన సమర్థులు, బాలుడొక్కడే, దూరమొక్కటియే. ఒకచోట తల్లి బిడ్డను మందలించి యింటికి తీసికొనిపోవును. వేఱొకచోట బిడ్డ యింటికి రాడు. రెంటికిని నడుమ నున్నది ఇరువది కిలోమీటర్ల వేగము మాత్రమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పునదియు నిదియే. గంటకు 30 కిలోమీటర్లు, అంతకు లోపు వేగమున వాహనము తాకినచో పదిమంది పాదచారులలో తొమ్మండుగురు బ్రతుకుదురు. 45 కిలోమీటర్లు దాటినచో బ్రతుకువారు సగమునకు లోపే. ఇట్లుండగా 2018లో కేంద్రప్రభుత్వము చేసిన ప్రకటన ప్రకారము పురపాలక హద్దులలోని రోడ్లమీద కార్లకు 70 కిలోమీటర్ల వఱకు అనుమతి యీయబడినది. రాష్ట్రములు దానిని తగ్గించుకొనవచ్చును; తగ్గించుకొనుమని యెవరును కోరనిచో తగ్గదు. 2022లో రోడ్లమీద పోయిన ప్రాణములలో నూటికి 71 అతివేగము పద్దున వ్రాయబడినవి. కారణము తెలియక మనము చనిపోవుటలేదు, తెలిసి చనిపోవుచున్నాము.

ఐనచో వేగమునకు కారణము నడుపువాని మదము మాత్రమేనా? కాదు. దారి యాకారమే వానికి వేగమును నేర్పుచున్నది. వెడల్పుగా, తిన్నగా, అడ్డులేక పఱచిన దారి 'పరుగెత్తుము' అని చెప్పుచున్నది; ప్రక్కన పాతిన చిన్న పలక 'మెల్లగా పొమ్ము' అని చెప్పుచున్నది. రెండు మాటలలో మానవుడు దేనిని వినునో వేఱుగ చెప్పనేల? కూడలి మూలలను గుండ్రముగా చెక్కి, 'ఫ్రీ లెఫ్టు' అని పలక కట్టుదురు. ఎడమకు తిరుగు వాహనము ఎఱ్ఱదీపమునకు గూడ ఆగనక్కఱలేదు. నాలుగు దిక్కుల దీపములు మాఱుచుండును. నడచువానికి మాత్రము ఏ దీపమును వెలుగదు. వాహనము లాగిన క్షణమే లేని మూలలో అతడు ఏ క్షణమున దాటవలయును? కాలిబాట యున్నచోట అది పది యంగళ్ల ముందు పది యెత్తులతో నుండును. ఒకచోట ట్రాన్సుఫార్మరు, ఒకచోట మోటారుసైకిళ్ల బారు, ఒకచోట మూత లేని మురుగుగుంట. నడచువాడు విసిగి రోడ్డుమీదికి దిగును. దిగినవానిని చూచి 'మనవారికి క్రమశిక్షణ లేదు' అందుము.

మఱికొన్నిచోట్ల ఇనుప వంతెన కట్టి, 'పాదచారులారా! పైకెక్కి దాటుడు' అందురు. క్రింద లారీలు పోవుటకు అయిదున్నర మీటర్ల యెత్తు వదలవలయును. ఎక్కుటకు ముప్పదియైదు మెట్లకు తక్కువ గావు. దిగుటకు మఱి యన్ని. యంత్రబలము గలవాడు చదునుగా పోవలెనట! మోకాళ్ల నొప్పులతో నున్న ముసలమ్మయు, నిండు గర్భిణియు, చక్రముల కుర్చీలో నున్నవాడును కొండ యెక్కి దిగవలెనట! ఇది యేపాటి న్యాయమో విచారింపుడు. జాతీయ రహదారి వాహనములు కూడలిలో నిలువకుండ బెంజి సర్కిలుమీద వంతెనలు కట్టుకొంటిమి. దూరప్రయాణికుల కది మేలే. కాని ఆ వంతెనల క్రింద నూరి జనము దాటు తావు నంతే శ్రద్ధతో కట్టితిమా? వాహనమునకు నిమిషము మిగుల్చుటకు కోట్లు వెచ్చించు చేతికి, మనిషి ప్రాణము మిగుల్చుటకు నాలుగు డబ్బాల రంగు బరువగుచున్నది!

చేయవలసిన దేమి? ఆకాశమునుండి దిగవలసిన విద్య యేదియు లేదు. ప్రపంచమంతట చేసి చూచిన పనులే.

మొదటిది, వేగము. అంగళ్లు, బడులు, ఆసుపత్రులు, బస్సు నిలుచు తావులు నున్న వీధులలో గంటకు 30 కిలోమీటర్లు. పెద్ద రోడ్డుమీద 40 కిలోమీటర్లు. నడచువారును, సైకిళ్లవారును, మోటారు వాహనములును కలసి మెలగు తావులలో 30 కిలోమీటర్లే హద్దు కావలెనని 2020లో స్టాక్‌హోముననైన దేశముల మహాసభ ప్రకటించినది. హద్దును పలకమీద వ్రాసిన చాలదు; మూలలను బిగించి, వాహనము పోవు పట్టీలను సన్నముగా జేసి, దారియే ఆ వేగమును నేర్పునట్లు కట్టవలయును.

రెండవది, దాటు తావు. తెల్లచారలు గీసి మఱచిపోవుట గాదు. కాలిబాట యెత్తుననే రోడ్డు కడ్డముగా వేదికవలె లేపి కట్టినచో, నడచువాడు క్రిందికి దిగనక్కఱలేదు. వాహనమే యెక్కి దిగవలెను. అందువలన దాని వేగము తనంతట తగ్గును. రోడ్డు నడుమ నిలుచుట కొక దిమ్మె యుండవలెను. ఇరువది మీటర్ల రోడ్డును ఒక్క పరుగున దాటుట వేఱు. పది మీటర్లు దాటి, నిలిచి, మరల పది మీటర్లు దాటుట వేఱు. ఆరోగ్యవంతుడు సెకనునకు ఒక మీటరుకు పైగా నడచును. వృద్ధుడు అంతకు లోపే. ఇరువది మీటర్లకు వానికి ఇరువదియైదు సెకనులు పట్టును. పది సెకనులలో ఆరిపోవు పచ్చదీపము వృద్ధుని నడిరోడ్డున వదలిపెట్టును. దీపపు కాలమును యువకుని కాళ్లతో గాక ముదుసలి కాళ్లతో కొలువవలెను.

మూడవది, కాలిబాట. 1934లో స్థాపింపబడిన ఇండియను రోడ్సు కాంగ్రెసువారి నియమముల ప్రకారము ఏ యడ్డమును లేని వెడల్పు కనీసము 1.8 మీటర్లు, తలమీద ఖాళీ 2.2 మీటర్లు నుండవలెను. గట్టు యెత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. ఇద్దఱు చక్రముల కుర్చీలవారు ఎదురెదురుగా పోగలిగినంత వెడల్పు అది. ఒక కొలబద్దను చేత బట్టుకొని మన యూరి కాలిబాటలను కొలిచి చూడుడు. నియమము పుస్తకమున నెంత యున్నదో, నేలమీద నెంత మిగిలినదో తెలియును.

నాలుగవది, సైకిలు. దానికి రోడ్డు అంచున గీసిన గీత రక్షణ గాదు. గీతమీద ఆటో నిలుచును, బస్సు వచ్చును. గట్టు కట్టి వేఱుచేసిన రెండు మీటర్ల బాట కావలెను. 2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెఱచిరి. దానిపై సూర్యశక్తి పలకల నీడ కూడ గలదు. వ్యాయామమునకది చక్కని యేర్పాటు. కాని కడుపు కొఱకు సైకిలు త్రొక్కువాడు నగరము నడిబొడ్డున త్రొక్కుచున్నాడు. నీడయు, రక్షణయు ముందుగా కావలసిన దెవరికి?

ఇక ఆక్షేపణలు కలవు. అవి నిరాధారములైన వని నేను తేలికగా తీసివేయను. 'వేగము తగ్గినచో రోడ్డంతయు స్తంభించును' అందురు. నగరమున ప్రయాణకాలమును నిర్ణయించునది నడుమనున్న పరుగు గాదు, కూడలులలో నిరీక్షణ. ఒక దీపమునుండి మఱియొక దీపమువఱకు ఉఱికి, అచ్చట నిలిచి యుండుటకన్న మెల్లగా పోయి నిలువకుండుట మేలు గదా! అయిదు కిలోమీటర్ల దూరమును ఎచ్చటను ఆగక 50 వేగమున పోయినచో ఆఱు నిమిషములు. 40 వేగమున పోయినచో ఏడున్నర. బందరు రోడ్డులో ఎచ్చటను ఆగక పోయినవా డెవడు? ఉన్నను, ఆ ఒకటిన్నర నిమిషము మూల్యముగా ఒక ప్రాణము నడుగుటకు మనస్సొప్పునా?

'మా అంగడి ముందు బండి నిలుపనీయనిచో బేరము పోవును' అని వర్తకులందురు. ఇది తిండికి సంబంధించిన భయము; దీనిని గౌరవింపవలయును. మదరాసున త్యాగరాయనగరములోని పాండీ బజారును మన తెలుగువారిలో పెక్కుమంది యెఱుగుదురు. 2019లో అచ్చట వాహనముల దారిని కుదించి, కాలిబాటలను విశాలముగా పఱచిరి. బజారు మూతపడలేదు; నేటికిని జనము క్రిక్కిరిసియే యున్నది. విచారించినచో ఆశ్చర్యము లేదు. అంగడిలో కొనువాడు బండి గాదు, మనిషి. ఒక కారు నిలుచు చోట పదిమంది నిలిచి సరుకులు చూడగలరు.

'కాలిబాటలమీది తోపుడు బండ్లను ముందు తీసివేయుడు' అని మఱికొంద ఱందురు. ఇచ్చట జాగ్రత్త వలయును. నడచువాని పేరు చెప్పి, నడచియే బ్రతుకువాని పొట్ట కొట్టరాదు. చిల్లర వర్తకుల రక్షణకై 2014లో పార్లమెంటు చట్టము చేసినది. వారి ప్రతినిధులతో గూడిన సంఘము నేర్పఱచి, తావులు నిర్ణయించి, ఆ తావులలో వారిని నెమ్మదిగా వర్తకము చేసికొననీయుమని దాని సారము. 1.8 మీటర్లు నడకకు వదలి, దాని కావల బండ్లకు తావు గీసినచో రెండును సాగును. నడకకు పెద్ద యడ్డము అరటిపండ్ల బండి గాదు. దినమంతయు కదలక పడియుండు కార్లును, మోటారుసైకిళ్లును.

'మొదట జనమునకు క్రమశిక్షణ నేర్పుడు' అనుట తుది యాక్షేపణ. నేర్పవలసినదే, తాగి బండి నడుపువానిని, ఎదురు దారిని వచ్చువానిని శిక్షింపవలసినదే. కాని హాలెండు దేశము కథ వినుడు. సైకిళ్లకు నేడు పేరు వడసిన ఆ దేశముననే 1971లో మూడువేలకు పైగా జనము రోడ్లమీద మరణించిరి. వారిలో నాలుగువందలకు పైగా పిల్లలు. తలిదండ్రులు వీధులలోనికి వచ్చి, 'బాలహత్యలను మానుపుడు' అను నినాదముతో ఉద్యమము నడపిరి. ప్రభుత్వము దారులను మార్చినది, జనులు మారిరి. ఆ దేశపు మనుష్యులు పుట్టుకతో క్రమశిక్షణ గలవారు గారు. వారి దారులు వారికి క్రమశిక్షణ నేర్పినవి. ఫిన్‌లాండు రాజధాని హెల్సింకి దాదాపు ఏడు లక్షల జనము గల నగరము. సగమునకు పైగా వీధులలో 30 కిలోమీటర్ల హద్దు పెట్టుకొన్న ఆ నగరమున 2024 జూలై మొదలు 2025 జూలై వఱకు రోడ్డుమీద ఒక్క మరణమైనను కలుగలేదు. ఒక్కటియు! పది లక్షలు దాటిన మన నగరమునకు అది యొక్క దినమున సాధ్యము గాదు. కాని అది అసాధ్యమని చెప్పుటకు ఇక నెవరికిని అధికారము లేదు.

చట్టము మన పక్షముననే యున్నది. నిరాటంకమై, అంగవైకల్యము గలవారికిని ఉపయోగపడు కాలిబాట పాదచారులకు రాజ్యాంగములోని 21వ అధికరణము క్రింద సంక్రమించిన హక్కని సుప్రీముకోర్టు 2025 మే నెలలో ఉద్ఘాటించినది. అనగా కాలిబాట దయాధర్మము గాదు. జీవించు హక్కులో భాగము. అదే సంవత్సరము అక్టోబరులో పాదచారుల రక్షణకు నియమములు చేయుటకు రాష్ట్రముల కాఱు నెలల గడువు పెట్టినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టములోని 198ఎ సెక్షను మఱియొక మంచి మాట చెప్పుచున్నది. దారిని నియమానుసారముగా కట్టకపోవుటచే ప్రాణము పోయినచో, కట్టించిన అధికారియు, కట్టిన కంట్రాక్టరును లక్ష రూపాయల వఱకు జరిమానాకు పాత్రులు. ఇంతవఱకు తప్పంతయు చచ్చినవానిదో, చంపినవానిదో యని తలచితిమి. దారి కట్టినవాడును జవాబు చెప్పవలెనని చట్టమే యొప్పుకొన్నది. కాని చట్టము పుస్తకమున నిద్రించును. దానిని లేపువాడు పౌరుడు.

లేపుట యెట్లు? దీనికి మార్గమును ఈ యూరే యొకప్పుడు దేశమునకు చూపినది. 1921లో బెజవాడ సమావేశము చేసిన తీర్మానమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 'స్వరాజ్యమునకై పాటుపడుదుము గాక' యని అది ఊరకుండలేదు. తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు. గడువు జూను 30. సంఖ్య కలదు, తేదీ కలదు. అందువలననే ఊరూర జనము కదలిరి. కోటి రూపాయల నిధి పోగైనది. సంఖ్యయు తేదీయు లేని తీర్మానము కోరిక మాత్రమే. రెండును గలది ప్రతిజ్ఞ.

ఈ దారికిని అట్టి తీర్మానము కావలెను. ఒక సంవత్సరములోపల, బందరు రోడ్డుమీద బస్సు నిలుచు ప్రతి తావునకు నూఱు మీటర్లలోపల నొక లేపిన దాటు తావు. ప్రతి కూడలిలోను నడచువానికి ప్రత్యేకముగా పచ్చదీపము. అది వెలుగునప్పుడు 'ఫ్రీ లెఫ్టు' లేదు. రెండు సంవత్సరములలోపల, రోడ్డు పొడుగునను రెండు ప్రక్కల 1.8 మీటర్ల నిరాటంకమైన కాలిబాట. అయిదు సంవత్సరములలోపల, ఈ రోడ్డుమీద నడచువాని మరణములు సున్న. ప్రతి మూడు నెలలకు నగరపాలక సంస్థయు, పోలీసుశాఖయు ఏ తావున నెందఱు గాయపడిరో, ఎందఱు మరణించిరో పౌరులందఱు చూచునట్లు ప్రకటింపవలయును. దాచిన లెక్క దిద్దబడదు.

ఇందు మన పాలు కూడ కలదు. ఈ మందిరమునకు వచ్చు యువకులలో పదిమంది ముందుకు వత్తురు గాక. ఒక కొలబద్ద, ఒక గడియారము, ఒక పుస్తకము చాలును. ఒక్క ఆదివారము ఉదయమున ఈ దారి పొడుగున నడువుడు. కాలిబాట వెడల్పు ఎచ్చట నెంతయో వ్రాయుడు. ఏ దీప మెన్ని సెకనులు వెలుగునో వ్రాయుడు. పనిదినమున సాయంకాలము ఒక్క గంటసేపు ఒక కూడలిలో నిలిచి, దాటువారి నెంచుడు. వారిలో వృద్ధులెందఱో, పిల్లలెందఱో గుర్తింపుడు. ఇంతవఱకు మన నగరములలో వాహనములనే లెక్కించితిమి. మనుష్యులను లెక్కించుట యలవాటు లేదు. ఆ లెక్కను ఈ గోడమీద అంటింపుడు; పురపాలకుల కంపుడు; జవాబు రాకున్న మరల నంపుడు. ఓటు కొఱకు వచ్చిన ప్రతి పెద్దమనిషిని, 'అయ్యా! ముందు ఈ రోడ్డును మాతో గూడ నడచి దాటి, తరువాత మాటలాడుడు' అని కోరుడు. ఈ కోరికకు కక్షలు లేవు.

మనము బండి యెక్కినప్పుడు చేయవలసినదియు నొకటి కలదు. తెల్లచారల కడ నొక్కరు నిలిచియున్నను ఆగుదము. వెనుకవాడు హారను మ్రోగించును, మ్రోగింపనిండు. మొదటిదినమున ఒక్కడు ఆగును. నెల తిరుగులోపల పదిమంది యాగుదురు. ఇతరులను మార్చుటకు శాసనము కావలెను. మనము మాఱుటకు ముహూర్తము కూడ నక్కఱలేదు.

సోదరులారా! నగరము గొప్పతనమును దాని వంతెనల యెత్తుతో కొలువకుడు. దాని మేడల సంఖ్యతో కొలువకుడు. బడి విడిచిన వేళ ఎనిమిదేండ్ల పిల్ల ఎవరి చేయియు పట్టుకొనక వీధిని దాటి యింటికి రాగలుగుచున్నదా? డెబ్బదియేండ్ల తాత పఠనమందిరమునకు నడచి వచ్చి, చీకటిపడిన తరువాత నడచి పోగలుగుచున్నాడా? ఈ రెండు ప్రశ్నలకు 'అవు'నని చెప్పగల నగరమే స్వతంత్ర నగరము. అంతవఱకు మహాత్ముని పేరు మన దారికి పలకమీద మాత్రమే యుండును. ఆ పేరును పలకమీదనుండి నేలమీదికి దింపుట మన పని.

సభ ముగిసినది. చీకటి పడినది. మీరు మెల్లగా, జాగ్రత్తగా వీధి దాటి యిండ్లకు పొండు. ఇట్లు చెప్పి సాగనంపవలసిన యగత్యము లేని దినము మన కన్నులయెదుటనే రావలయునని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.